ఒడి టికెట్టు

"రెండేళ్ళు నిండకముందే పోయి రాండి మే, టికెట్టు పడదు."

మా పాపకు నడక వచ్చిన దగ్గర్నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నానో. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రావెల్స్ ఆయన అన్నాడు, ఇందుకూరుపేట నుంచి పాపను చూడ్డానికొచ్చిన పెద్దమ్మ అన్నది, ఆఖరికి టీకా వేసిన నర్సమ్మ కూడా అన్నది. మైపాడు, గంగపట్నం, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్ళల్లో విదేశీ ప్రయాణం ఇప్పుడు వింతేం కాదు. మేత కంపెనీలు డీలర్లకు టార్గెట్టు పెట్టి బ్యాంకాకో కౌలాలంపూరో చూపించడం మొదలయ్యాక, మగవాళ్ళు ఒకసారి పోయొచ్చి, "ఈ తూరి పిల్లకాయల్ని గూడా తీసకపోదాం" అనడం మామూలైపోయింది. ఆ పిల్లకాయల్లో ఒకరు చంటిబిడ్డ అయితే ఇక ఇంటిల్లిపాదీ క్యాలెండరు ముందు కూర్చుని నెలలు లెక్కపెట్టడమే.

లెక్కలో తప్పు లేదు. అంతర్జాతీయ విమానాల్లో రెండేళ్ళలోపు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలా సంస్థలు పెద్దల ఛార్జీలో పదో వంతుకు అటూ ఇటూగా తీసుకుంటాయి. రెండేళ్ళు దాటితే వేరే సీటు కొనాల్సిందే. పోయేటప్పుడు ఇరవై మూడు నెలలుండి, అక్కడున్నప్పుడే రెండేళ్ళు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనుక్కోవాలి. అందుకే మన ఇళ్ళల్లో ఈ ప్రయాణాలు చాలావరకు బిడ్డకు ఇరవై నెలలు దాటాక, రెండేళ్ళు నిండేలోపు వచ్చి పడతాయి. ఈ వారం నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. విమానం ఎక్కించడానికి అంత కాని వయసు ఇంకోటి లేదు.

పది నెలల బిడ్డను ఎక్కడ పడుకోబెడితే అక్కడ పడుకుంటుంది. ముందు వరస సీట్లకు ఎదురుగా గోడకు తగిలించే తొట్టెలుంటాయి, ముందే అడిగితే ఇస్తారు. వాటికి బరువు పరిమితి ఉంటుంది, సుమారు పది పదకొండు కిలోల దాకా. మూడేళ్ళ పిల్లకు మాట తెలుస్తుంది. "అమ్మా, ఒంటికొస్తోంది" అని చెబుతుంది. "ఆ దీపం ఆరిపోయాక లేద్దాం" అంటే కాసేపైనా ఆగుతుంది. మధ్యలో ఉన్నదానికి కాళ్ళొచ్చాయి, మాట రాలేదు, భయం అసలే లేదు. తొట్టెలో పట్టదు, ఒళ్ళో ఇమడదు. సీట్ల మధ్య సందులో అటు చివరి నుంచి ఇటు చివరికి నడవడమే దానికి కావలసిన విదేశం. సరిగ్గా ఈ వయసుకే టికెట్టు చవక. పిల్లల మీద ప్రేమతో ఇచ్చిన రాయితీ కాదది. సీటు ఇవ్వడం లేదు కాబట్టి సీటు డబ్బు తీసుకోవడం లేదు.

చంటిపిల్లల్ని ఎత్తుకుని సముద్రం దాటడం మనవాళ్ళకు కొత్తేం కాదు. మద్రాసు రేవు నుంచి పెనాంగు మీదుగా సింగపూరుకు 'రజులా' అనే ఓడ నడిచేది. 1926లో కట్టిన ఆ ఓడ దాదాపు యాభై ఏళ్ళు అదే దారిలో తిరిగింది. డెక్కు టికెట్టు తీసుకున్నవాళ్ళు చాపలు పరుచుకుని రోజుల తరబడి ప్రయాణం చేసేవాళ్ళు. మలయా తోటల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు 1955 నాటికి సొంతంగా ఒక ఆంధ్ర సంఘం పెట్టుకునేంతయ్యాయి. ఆ తల్లులు పడ్డ కష్టాల ముందు మన నాలుగు గంటల విమానం ఏపాటిది! అయితే ఒక్క విషయంలో మాత్రం వాళ్ళకే నయం. బిడ్డ నడుస్తానంటే ఓడలో కాస్త నేలుండేది.

ఒడి టికెట్టుకు ఇంకో పక్క ఉంది. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ సంస్థ విమానం 232 అత్యవసరంగా దిగబోయి రన్‌వే మీద ముక్కలైంది. అందులో ఒళ్ళో పిల్లలు నలుగురున్నారు. బిడ్డల్ని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని ఎయిర్ హోస్టెస్‌లు తల్లులకు చెప్పారు, అప్పటి పద్ధతి అదే. ఆ నలుగురిలో ఒక బాబు బతకలేదు. ఆ రోజు విమానంలో ఎయిర్ హోస్టెస్‌ల పెద్దగా ఉన్న జాన్ బ్రౌన్ అనే ఆవిడ, ప్రతి బిడ్డకూ సీటూ బెల్టూ ఉండి తీరాలని ఆ తరవాత ఏళ్ళ తరబడి పోరాడింది. అక్కడి ప్రమాద దర్యాప్తు సంస్థ కూడా అదే సిఫారసు చేసింది. విమానయాన నియంత్రణ సంస్థ మాత్రం చట్టం చేయనంది. సీటు కొని తీరాలంటే జనం విమానం మానేసి కార్లలో పోతారు, రోడ్డు మీద అంతకంటే ఎక్కువ ప్రాణాలు పోతాయి అని వాళ్ళ వాదన.

ఈ వాదన నెల్లూరివాళ్ళం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మనకు రోడ్డూ విమానమూ రెండూ తప్పవు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. అదొచ్చేదాకా విదేశానికి పోవాలంటే మద్రాసు మీనంబాకం విమానాశ్రయమే గతి. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటుకుంటూ నూట డెబ్బై ఎనభై కిలోమీటర్లు పోవాలి. రెడ్‌హిల్స్ దాటాక మద్రాసు ట్రాఫిక్కు వేరే. పాలకొకసారి, డైపరుకొకసారి ఆపుకుంటూ పోతే నాలుగు గంటలు. మీనంబాకం నుంచి సింగపూరుకు గాలిలో పట్టేదీ సుమారు అంతే. తూర్పు దేశాల విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకే కాబట్టి హైవే ప్రయాణం చీకట్లో పడుతుంది, ఆగివున్న లారీల మధ్య నుంచి.

ఆ చీకట్లో పాప ఎక్కడుంటుంది? ముందు సీట్లో తాతయ్య ఒళ్ళో. విమానం రెక్క కాస్త ఊగితే వెంకటేశ్వరస్వామిని తలుచుకునే కుటుంబమే, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బిడ్డను డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి లారీలు చూపిస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. మన టోల్‌గేట్ల దగ్గర అలా ఎవరినైనా ఆపగా నేను చూడలేదు. సింగపూరులో చట్టం ఇంకోలా ఉంది. 1.35 మీటర్ల ఎత్తులోపు పిల్లలకు తగిన సీటు ఉండాలి. ట్యాక్సీలకు మినహాయింపు ఉంది గానీ యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. పాపను చూసి డ్రైవరు ఎక్కించుకోనంటే మనవాళ్ళకు కోపం వస్తుంది. "ఇంత చిన్నబిడ్డను చూసి గూడా కనికరం లేదే!" అంటారు. కనికరం ఉండబట్టే ఎక్కించుకోలేదు.

మేం పాపకు మూడో ఏడు నడుస్తుండగా పోయాం. దానికొక సీటు కొన్నాం. "మీరేంది మే అట్టా పారబోస్తారు" అని మా అత్త అన్నది. పిల్లల కారు సీటును ఇంటి దగ్గరే బిగించి మీనంబాకం దాకా పాపను అందులోనే కూర్చోబెట్టాం. విమాన సంస్థలు చాలావరకు తోపుడుబండినీ, ఈ సీటునూ విడిగా రుసుం లేకుండానే తీసుకుంటాయి. ఒకసారి అడిగి చూడండి.

పాస్‌పోర్టు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఎంత చంటిబిడ్డకైనా వేరే పాస్‌పోర్టు ఉండాలి, అమ్మానాన్నలిద్దరూ అనుబంధం డి మీద సంతకాలు చేయాలి, ఐదేళ్ళు చెల్లుతుంది. అసలు కష్టమంతా ఫొటోతోనే. తెల్ల గుడ్డ మీద పడుకోబెట్టి, కళ్ళు తెరిచినప్పుడు పట్టుకోవాలి. ఫొటోగ్రాఫరు బుగ్గ మీది దిష్టిచుక్క తుడవమన్నాడు. తుడిచినంతసేపూ మా అత్త నోట్లో ఏదో అనుకుంటూనే ఉంది. ఆ తరవాత తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాం. ఇమ్మిగ్రేషన్ అధికారి ఫొటోలోని జుట్టున్న పసిగుడ్డునూ, ఎదురుగా ఉన్న పిల్లనూ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. ఐదేళ్ళ పాస్‌పోర్టులో ఉండేది ఐదు నెలల ముఖం, ఎవరేం చేస్తారు!

మందుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. "ఎక్కేముందు కాస్త జలుబు సిరప్పు పొయ్యి, దిగేదాకా లేవదు" అనే సలహా నాకు చదువుకున్నవాళ్ళే ఇచ్చారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలంటూ మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. పైగా ఈ రకం మందు కొందరు పిల్లలకు నిద్ర తేకపోగా, ఉన్న నిద్రను చెడగొడుతుంది. విమానంలో బిడ్డ ఏడిచేది ఎక్కువగా చెవుల వల్లే. పైకెళ్ళాక లోపలి గాలి పీడనం ఊటీ కొండ మీద ఉన్నంతే ఉంటుంది, కిందికి దిగేటప్పుడు అది గబగబా పెరుగుతుంది. గొంతులోకి ఏదైనా మింగితే చెవి లోపలి దారి తెరుచుకుని నొప్పి తగ్గుతుంది. కాబట్టి దిగడానికి అరగంట ముందు నిద్రపోతున్న బిడ్డనైనా లేపి పాలో నీళ్ళో గుక్కగుక్కగా తాగించాలి. ముద్దొచ్చే నిద్రను చెడగొట్టడానికి మనసొప్పదు. ఒప్పించుకోవాలి.

తిండికి మనవాళ్ళ ఉగ్గుపొడిని మించింది లేదు. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, కాస్త వాముతో విసిరించి డబ్బాలో పోసుకుంటే విమానంలో వేడినీళ్ళడిగి కలుపుకోవచ్చు. పాలూ నీళ్ళూ వంద మిల్లీలీటర్లు మించకూడదన్న తనిఖీ నిబంధనలో పసిపిల్లల ఆహారానికి సడలింపు ఉంటుంది. దాచకుండా బయటపెట్టి చూపించాలి. సింగపూరు సెరంగూన్ రోడ్డులో పెరుగుకూ నెయ్యికీ కరువు లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అయితే మాత్రం తిండి వస్తువులు చాలా కచ్చితంగా చూస్తారు, ప్రతిదీ రాసివ్వాలి.

ఇక గడియారం. సింగపూరు మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. టూరు ప్యాకేజీ వాళ్ళు అక్కడి పొద్దున ఎనిమిదికి బస్సెక్కమంటారు, అది పాపకు తెల్లవారుజాము ఐదున్నర. మేం ప్యాకేజీ జోలికి పోలేదు, పాప గడియారం ముట్టుకోలేదు. దానికి నెల్లూరు టైమే. అక్కడి పదింటికి లేచింది, రాత్రి పదకొండున్నరకు పడుకుంది. రాత్రి ఏడుంబావుకు తెరిచే నైట్ సఫారీ దానికి సాయంత్రం ఐదు కూడా కాని వేళ. ఏనుగును చూసి ఉత్సాహంగా కేకలేసిన పిల్ల ఆ ట్రాములో అదొక్కతే, తక్కినవాళ్ళందరూ నిద్రలో వేలాడుతున్నారు. రోజుకు ఒక్క చోటు, మధ్యాహ్నం గది, అంతే. తీగలకు వేలాడే రైడ్లకు ఎత్తు పరిమితులుంటాయి, ఆ టికెట్లు దండగ. గార్డెన్స్ బై ద బేలో పిల్లల నీళ్ళాట ఉచితం. దానికి అన్నిటికంటే నచ్చింది మాత్రం ఫుడ్‌కోర్టులో గోరింకల వెంటపడటం. పులికాట్ సరస్సుకు రాజహంసలు వచ్చే జిల్లా (జిల్లా గీతలు మారి సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతిలోకి పోయిందనుకోండి) వాళ్ళం టికెట్టు కొని పరాయి దేశంలో పక్షుల్ని చూపించడమెందుకన్న మా ఆయన వాదన కూడా తీసిపారేయలేం.

మొదటిసారి పోయేవాళ్ళు దూరం పోకండి. కొలంబో చెన్నై నుంచి గంటన్నర, గడియారం కూడా మనదే. అమెరికా అంటే పగలు రాత్రవుతుంది. అక్కడి మనవణ్ణి చూడాలంటే అమ్మమ్మలు పోవడమే మేలు. నవంబరు, డిసెంబరు మాత్రం వద్దు. మన తీరానికి అసలు వానలు అప్పుడే. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు మీనంబాకం రన్‌వే నీళ్ళలో మునిగి, మర్నాటి పొద్దుటిదాకా విమానాలు ఆగిపోయాయి. చంటిబిడ్డతో విమానాశ్రయం కుర్చీల్లో రాత్రి గడపడం ఎవరికీ రాకూడదు. ఫిబ్రవరి, మార్చి చూసుకోండి.

వయసు విషయంలో నా తీర్పు ఇది. తొమ్మిదో నెల తట్టు టీకా పడ్డాక, నడక రాకముందు పోగలిగితే పోండి. లేదంటే మాట వినే వయసు దాకా ఆగి, సీటు కొని పోండి. పదో వంతు టికెట్టు కోసం మధ్యలో పరిగెత్తకండి. ఎప్పుడు పోయినా, మీనంబాకానికి కారు మాట్లాడుకునేటప్పుడు రేటుతోపాటు వెనక సీటు బెల్టుల సంగతి కూడా అడగండి. చాలా బాడుగ కార్లలో అవి సీటు కవరు కింద నొక్కేసి ఉంటాయి. బయల్దేరే ముందు రోజే డ్రైవరు చేత బయటికి తీయించండి.