పాత భవనం – కొత్త యజమానులు: ఫ్లోరిడా ప్రమాణాలపై ఒక విమర్శ

మన వాడుకలో అపార్ట్‌మెంటు అన్నంత మాత్రాన అది సొంతమో, అద్దెదో తెలియదు. అమెరికాలో ఆ మాట సాధారణంగా అద్దె వాటాకు చెల్లుతుంది. వాటాలను వేర్వేరు వ్యక్తులు కొనుక్కొని, పునాది, స్తంభాలు, పైకప్పు, మెట్లు మొదలైనవాటిని ఉమ్మడిగా ఉంచుకొనే పద్ధతికి అక్కడ కాండోమినియం అని పేరు. ఏండ్ల తరబడి అద్దెకిచ్చిన భవనాన్ని యజమాని ఒకనాడు వాటాలుగా విడదీసి అమ్మివేయవచ్చును. ఇట్టి పరివర్తన సమయంలో ఆ భవనాన్ని ఏ ప్రమాణాలతో పరీక్షించవలెను?

భవన నిర్మాణ నియమావళి దృష్టిలో ఇది పెద్ద మార్పు కాదు. నిన్న ఆ గదులలో కుటుంబాలు నివసించినవి. నేడూ కుటుంబాలే నివసిస్తవి. వినియోగం మారలేదు కనుక, పాత భవనాన్ని నేటి కొత్త ప్రమాణాలకు తీసుకొని రావలసిన అవసరం సాధారణంగా కలుగదు. ఈ వాదంలో తర్కం లేకపోలేదు. దస్తావేజు మారినందున దూలం మీది బరువు పెరగదు గదా! కాని మరమ్మతు బాధ్యత ఒకరి నుండి పలువురి మీదికి పోతున్నది. అమ్మినవానికి భవనం చరిత్ర తెలుసు. కొన్నవానికి గోడ మీది కొత్త రంగు మాత్రమే కనిపిస్తుంది.

ఈ వ్యత్యాసాన్ని గుర్తించిన చట్టాలలో ఫ్లోరిడా రాష్ట్రపు కాండోమినియం చట్టం ఒకటి. పైకప్పు, కట్టడం, అగ్నిరక్షణ, లిఫ్టులు, నీటి గొట్టాలు, విద్యుత్తు మొదలైన ఒక్కొక్క అంగానికి వయస్సెంత, ఇంకా ఎన్నేండ్లు పనిచేయగలదు, మార్చవలసివస్తే ఖర్చెంత, అది దృఢంగా ఉన్నదా లేదా అన్న వివరాలను అమ్మేవాడు కొనేవారికి తెలుపవలెను. వానిని ఇంజనీరో, వాస్తుశిల్పియో సమర్థించవలెను. ఇది మెచ్చదగిన ఏర్పాటే.

ఐతే వివరాలు తెలుపుట వేరు, పైకము కట్టుట వేరు. మరమ్మతుల కొరకు అమ్మేవాడు నిధిని ఏర్పరచదలచినచో, చట్టం లెక్కకట్టే అంగాలు మూడే: శీతలీకరణ యంత్రాలు, నీటి గొట్టాలు, పైకప్పు. భవనాన్ని నిలబెట్టే కట్టడం ఆ జాబితాలో లేదు! నిధికి బదులు హామీ ఇచ్చినచో అందులో కట్టడం చేరుతుంది. కాని ఆ హామీ 5 ఏండ్లకు మించదు. కాంక్రీటు రోగం ఐదేండ్లలో బయటపడి తీరవలెనన్న నియమం ప్రకృతిలో లేదు.

ఆ రోగమేమిటో చూతము. మంచి కాంక్రీటు మిక్కిలి క్షారగుణం కలది, దాని పి.హెచ్. విలువ సుమారు 12.5 నుండి 13.5 వరకు ఉంటుంది. ఈ క్షారత వలన లోపలి ఇనుప ఊచలపై పలుచని రక్షణపొర ఏర్పడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్రమంగా లోనికి చొచ్చి క్షారతను తగ్గిస్తుంది. సముద్రపు ఉప్పులోని క్లోరైడు రక్షణపొరను ఛేదిస్తుంది. పిమ్మట ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు ఇనుముకంటె రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించుకొని, కాంక్రీటును లోపలినుండి పగులగొడుతుంది. బీట పైకి కనిపించేనాటికి రోగం ముదిరి ఉంటుంది.

సర్ఫ్‌సైడ్ పట్టణంలో 1981లో పూర్తయిన 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24న కూలి 98 మంది మరణించారు. అది పరివర్తన చెందిన భవనం కాదు, మొదటినుండీ కాండోమినియమే. తుప్పు ఒక్కటే కారణమనీ చెప్పరాదు. డిజైనులోని లోపాలు కూడా బయటపడినవి. ఐనను నీరు ఇంకి కాంక్రీటు చెడుతున్నదని 2018లోనే ఒక ఇంజనీరు నివేదిక హెచ్చరించినది. మరమ్మతు ఖర్చును పలువురు యజమానులు పంచుకోవలసివచ్చినప్పుడు కాలయాపన ఎంత సులభమో ఆ భవనం చూపినది.

పిదప 2022లో ఫ్లోరిడా కొత్త చట్టం చేసినది. మూడు అంతస్తులు, అంతకు మించిన కాండోమినియం భవనాలకు సాధారణంగా 30వ ఏట, తరువాత ప్రతి 10 ఏండ్లకు తనిఖీ జరుగవలెను. కాని దాని మొదటి దశ కంటితో చూచుటయే. కంటికి తీవ్రమైన లోపం కనిపించినప్పుడే రెండవ దశ పరీక్షలు.

అమ్మకానికి ముందే కొలత జరుగవలెనని నా అభిప్రాయం. కొలుచు సాధనాలు క్రొత్తవి కావు. అప్పుడే పగులగొట్టిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ ద్రవం చల్లినచో, క్షారత నిలిచినచోట గులాబిరంగు వస్తుంది. నశించినచోట రంగు రాదు. కాలేజీ ప్రయోగశాలలో ప్రతి విద్యార్థి ఎరిగిన సూచకమే ఇది. రాగి – రాగి సల్ఫేటు అర్ధఘటంతో ఊచల విభవాన్ని కొలిచినప్పుడు, అది మైనస్ 350 మిల్లీవోల్టులకంటె ఇంకా ఋణంగా ఉన్నచో, తుప్పు సాగుతున్నదనుటకు 90 శాతానికి పైగా అవకాశమున్నది. ఈ అంకెలతోపాటు క్లోరైడు పాళ్లను కూడా విక్రయపత్రానికి జతచేయుట అసాధ్యమా?

ఖర్చు పెరుగునని కొందరు ఆక్షేపించవచ్చును. నిజమే, కాని పరీక్ష మానినంతలో తుప్పు మానదు. ఆ ఖర్చు తెలిసినవాని చేతినుండి తెలియనివాని నెత్తికి మారుతుంది, అంతే. విశాఖపట్నం తీరపు ఉప్పుగాలికి, ఫ్లోరిడా తీరపు ఉప్పుగాలికి రసాయనశాస్త్రంలో భేదం లేదు. పాత ఇల్లు కొనే ఏ దేశస్థుడైనా “ఇంకా ఎన్నేండ్లు ఉండును?” అని అడిగి ఊరుకొనక, “ఏమి కొలిచి చెప్పుచున్నారు?” అని కూడా అడుగవలెను.