జంట కర్తృత్వం – అనురణనం: ‘వ్రియోన్’ సంగీత సంపుటి పరిశీలన

తెలుగు సాహిత్య విమర్శకు జంట కర్తృత్వం కొత్త విషయం కాదు. నంది మల్లయ, ఘంట సింగనలు మొదలుకొని తిరుపతి వేంకట కవుల వరకు జంటకవుల రచనలను పరిశీలించేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఏ భాగం ఎవరిది? ఇద్దరు రచించినా పాఠకునికి ఒకే కంఠం వినిపించడం ఆ సంప్రదాయపు ఆదర్శం. అతుకు కనిపించకపోవడమే అక్కడ సిద్ధి. ఇందుకు భిన్నమైన ఆదర్శంతో రూపొందిన సంగీత సంపుటి ‘వ్రియోన్’. జపాన్ స్వరకర్త రియూయిచి సకమోతో పియానోను, ‘ఆల్వా నోటో’గా ప్రసిద్ధుడైన జర్మన్ కళాకారుడు కార్‌స్టెన్ నికొలాయ్ ఎలక్ట్రానిక్ ధ్వనులను సమకూర్చిన ఈ సంపుటి 2002లో రాస్టర్-నోటన్ సంస్థ ద్వారా వెలువడింది.

ఇందులో ఆరు రచనలున్నాయి. గానం లేదు, సాహిత్యం లేదు. సకమోతో వాయించి పంపిన పియానో ధ్వనిముద్రణలను నికొలాయ్ ముక్కలు చేసి, సాగదీసి, వాటి నడుమ సన్నని శుద్ధస్వరాలను, సూదిమొనవంటి చిరుశబ్దాలను కూర్చాడు. పియానో, యంత్రధ్వని ఒకదానిలో ఒకటి కరగవు. అతుకు స్పష్టంగా వినిపిస్తుంది.

పియానో స్వరానికి పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది. మీటిన తరువాత వాదకుడు దానిని వంచలేడు, పెంచలేడు. గమకానికి అక్కడ తావు లేదు. అది క్షీణిస్తూ పోతుంది. స్వరలక్షణంలో అనురణనాన్ని ప్రధానంగా చెప్పినవాడు ‘సంగీతరత్నాకర’ కర్త శార్ఙ్గదేవుడు. ధ్వనివాదులు సంలక్ష్యక్రమ వ్యంగ్యాన్ని వివరించడానికి ఘంటానురణనాన్నే ఉపమానంగా గ్రహించారు. ‘వ్రియోన్’లో రెండవ కర్త ప్రవేశించే చోటు ఈ అనురణనమే. మొదటివాని అధికారం ముగిసిన క్షణంలో రెండవవాని పని మొదలవుతుంది. అందువల్ల ఈ కృతిలో కర్తృత్వ విభజన భాగాలనుబట్టి కాక కాలాన్నిబట్టి జరిగింది: ఆఘాతం ఒకరిది, శేషం మరొకరిది.

అయితే ఇది సమాన భాగస్వామ్యమేనా అన్న ఆక్షేపం న్యాయమైనదే. చివరి మాట నికొలాయ్‌దే కావడంతో పియానో కొన్నిచోట్ల ముడిసరుకు స్థాయికి దిగుతుంది. దీర్ఘమైన రచనలలో ఉద్రిక్తత సడలుతుంది. కాని సకమోతో స్వరాలమధ్య విడిచిన విరామాలు లేనిదే నికొలాయ్ ధ్వనులకు నిలిచే చోటుండదు. ఇక్కడ మౌనం కూడా రచనే. ఆ విరామాల కర్త సకమోతో.

1920లో తిరుపతి శాస్త్రి మరణించిన తరువాత కూడా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే ప్రకటించాడు. ‘ఏ పద్యం ఎవరిది’ అన్న ప్రశ్నకు ఆ రచనలలో అర్థం లేదు. ఒకరి స్వరం ఆగిన చోట మరొకరు దేనిని నిలిపి ఉంచారన్నదే అడగవలసిన ప్రశ్న. సకమోతో 2023లో మరణించాడు. అతుకును దాచని ‘వ్రియోన్’ ఆ ప్రశ్నను వినగలిగే రూపంలో మన ముందుంచుతుంది. జంటకవిత్వ అధ్యయనానికి ఇది ఉపకరించే పరికరం.