గుండె రాయి కాకూడదు

పరుగుపందెం ముందు పిల్లలు పదేపదే మంచినీళ్లు తాగుతారు. అరచేతులు నిక్కరుకు తుడుచుకుంటారు. "సార్, కడుపులో తిప్పుతోంది" అంటారు. భద్రాచలం ఏజెన్సీ పల్లెల పిల్లలకు పరుగు నేర్పే నేను చాలాకాలం దీనికి ఒకటే మందు వేశాను: "ఏం కాదు, గుండె రాయి చేసుకో." ఒక పోటీలో ఆ మాట విన్న అమ్మాయి విజిల్ మోగాక రెండడుగులు వేసి నిలబడిపోయింది. రాయి కదలదు కదా! మళ్లీ ఆ మాట నా నోట రాలేదు.

ఆ రోజు గుర్తొస్తే చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా గుర్తొస్తాడు. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆనంద్, 2014 మే 25న మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కాడు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. గోదావరి ఒడ్డు ఎండలో పెరిగినవాడికి మంచు ఎక్కడిది? ఇద్దరూ భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ చలి. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. వీళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. అయినా దారిలో శవాలు చూశానని పూర్ణ తర్వాత చెప్పింది. వాళ్లకు భయమే లేదనడం వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడమే.

మరి భయం ఉండగానే అడుగు ఎలా పడుతుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ఒత్తిడి మీద ఒక పుస్తకం రాశారు. గడ్డు ఘడియలో మనసు రెండు లెక్కలు చూసుకుంటుందట: నాకేం పోతుంది? నా దగ్గర ఏముంది? ఉన్నది సరిపోతుందనిపిస్తే సవాలు, చాలదనిపిస్తే ముప్పు. తర్వాత జిమ్ బ్లాస్కోవిచ్ అనే పరిశోధకుడు ఈ తేడాను ఒంట్లోనే కొలిచాడు. గుండె రెండు చోట్లా వేగంగానే కొట్టుకుంటుంది. సవాలనుకున్నవాళ్లకు రక్తనాళాలు వదులై నెత్తురు ధారాళంగా పారుతుంది. ముప్పనుకున్నవాళ్లకు అవి బిగుసుకుంటాయి.

ఆ రోజు ఆ అమ్మాయి నిలబడిపోయింది ధైర్యం తక్కువై కాదు. తన దగ్గర ఏముందో గుర్తుచేయాల్సిన నేను దడను అణచమన్నాను. ఆనంద్, పూర్ణలకు జారితే ఏం చేయాలో చేతులకే తెలుసు, భువనగిరి గుట్ట నేర్పింది. లేనిదాన్ని ఉందని పిల్లలను పొగిడితే రెండో రౌండులోనే బయటపడుతుంది. అందుకే సాధనలోనే ఇప్పుడు ఆఖరి రౌండు ఒక్కొక్కరినే పరుగెత్తిస్తాను, మిగతావాళ్లంతా చుట్టూ చేరి కేకలు పెడుతుంటే. మొదట్లో ఏడ్చినవాళ్లున్నారు. వాళ్ల పక్కనే నేనూ పరుగెత్తాను.

ఇప్పుడు పరుగు మొదలయ్యే గీత దగ్గర ఎవరైనా కడుపులో తిప్పుతోందంటే, "తిప్పనీ. నీ దగ్గర ఏముందో చెప్పు" అంటాను. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల కాసేపు ఆలోచించింది.

"ఆఖరి మలుపు సార్. అక్కడ నన్ను ఎవ్వరూ దాటలే."

చెప్పులు విప్పి నా చేతికిచ్చి గీత దగ్గరికి నడిచింది.