మెడోస్ టేలరు థగ్గు నవల – ఒక పరిశీలనము

ఫిలిప్ మెడోస్ టేలరు 1808లో లివర్పూలున జన్మించి, పదునారేండ్లు నిండకమున్నే ఒక వర్తకుని కొలువునకై బొంబాయి చేరెను. ఆ కొలువు కుదురలేదు. 1824లోనే నైజాము సైన్యమున ప్రవేశించి, పిమ్మట పోలీసు అధికారియై, హైదరాబాదు వర్తకుడగు విలియం పామరు కుమార్తెను వివాహమాడి దక్కనునే తన నెలవు చేసికొనెను. నేటి కర్ణాటకములోని సురపురమున నాతడు నివసించిన భవనము టేలర్ మంజిల్ అను పేర ప్రసిద్ధము.

ఆతడు రచించిన థగ్గు నవల 1839లో వెలువడెను. చెఱలోనున్న అమీరలీ అప్రూవరుగా మారి, తాను చేసిన 719 హత్యల వృత్తాంతమును ఒక దొరకు చెప్పుటయే కథ. బాటసారులతో చెలిమి చేసి, కలిసి భుజించి, నమ్మించి, రుమాలుతో ఉరిబిగించు ఘట్టములు చదువుచున్నప్పుడు పాఠకుడు దొంగపక్షమునకే ఒరగును. ఇది సామాన్యమైన నేర్పు కాదు. శకునముల వర్ణన మాత్రము అక్కడక్కడ విసుగు పుట్టించును.

అయినను దీనిని చరిత్రగా గ్రహించువారు ఒక సంగతి మఱవరాదు. అప్రూవరు ప్రాణము దొర చేతిలోనిది. దొర వినగోరినది చెప్పుటయే వాని బ్రదుకుతెరువు. వ్రాసినవాడును పోలీసువాడే.

ఇంతకంటె ముఖ్యమైన విషయము కథలోనే కలదు. అమీరలీ థగ్గులకు పుట్టినవాడు కాడు. వాని తలిదండ్రులను చంపిన ఇస్మాయిలే వానిని చేరదీసి పెంచెను. తోడబుట్టినదానినే ఎఱుగక చంపి, పిమ్మట ఆ సంగతి తెలిసికొని వాడు కుమిలిపోవును. నేరము పెంపకమువలన వచ్చునే గాని రక్తమువలన రాదని, రచయిత ఉద్దేశించెనో లేదో గాని, నవల చాటుచున్నది.

ప్రభుత్వము నడచిన త్రోవ వేఱు. థగ్గుల ముఠాలో చేరియుండుటయే యావజ్జీవ శిక్షకు చాలునని 1836 నాటి 30వ చట్టము విధించెను. 1871 నాటి 27వ చట్టము కులములకు కులములనే నేరస్థజాతులుగా ముద్రవేయుటకు వీలు కల్పించెను. 1911లో అట్టి శాసనము మద్రాసు రాజధానికిని వ్యాపింపగా, మన ఎఱుకలవారు దాని పాలబడిరి. ఈ పాపమంతయు టేలరుపై మోపుట న్యాయము కాదు. అతని పుస్తకమును సరిగా చదివినవారికి ఆ చట్టమునకు ఎదురుసాక్ష్యమే దొరకును. ఆ సాక్ష్యమును ఎవరును పట్టించుకొనలేదు. 1952లో దేశమంతట ఆ శాసనము రద్దగునాటికి, ఏ దొంగతనమును ఎఱుగని ఎఱుకల తాతలు పోలీసు పట్టీలో పేరుండిన పాపమునకు ఠాణాలో హాజరు పలికి పలికి ముదుసలులైరి.