హెక్స్‌డ్రా: చుక్కల అక్షరాలపై ఒక పరిశీలన

రోమన్ చిబోర్రా 1998లో పెర్ల్ భాషలో రాసిన హెక్స్‌డ్రా చాలా చిన్న ప్రోగ్రాము. తెరపై తెలుగు లిపిని గురించి చదువుకొనే విద్యార్థులకు దీనిని సిఫారసు చేయవచ్చునా అన్నది మా ముందున్న ప్రశ్న. చేయవచ్చుననే మా అభిప్రాయం, అయితే ఒక షరతుతో.

చిబోర్రాయే మొదలుపెట్టిన యూనీఫాంటులో ప్రతి యూనీకోడ్ సంకేతానికీ ఒక గడి ఉంటుంది. అది నిలువున 16 వరసలు, అడ్డంగా 8 లేక 16 చుక్కలు. ఫైలులో ఆ గడి 32 లేక 64 షోడశాంశ అంకెల వరసగా ఉంటుంది గనుక చదివేవారికి ఏమీ బోధపడదు. హెక్స్‌డ్రాకు ఆ ఫైలునిచ్చి ఆజ్ఞ టైపు చేస్తే, నల్ల చుక్క ఉన్నచోట హాష్ గుర్తును, లేనిచోట చిన్న గీతను పెట్టి అక్షరాన్ని వరసలు వరసలుగా పరుస్తుంది. మామూలు ఎడిటర్లో దిద్ది మళ్లీ దానికే ఇస్తే తిరిగి అంకెలవుతాయి.

దీని మేలు స్పష్టం. ద, థ, ధ ఈ మూడింటి భేదం ఒక చుక్కలోనో చిన్న గీతలోనో ఉంది. పదహారు వరసల్లో ఆ భేదం నిలబడాలంటే ఒక్క గుర్తు కూడా పోకూడదు. లిపిలో ఏది అలంకారమో ఏది ప్రాణమో ఇంత తేటగా చూపే సాధనాలు తక్కువ.

ఇక లోపం. కామాఠిపురకు ఆ పేరు 19వ శతాబ్దంలో బొంబాయి కట్టడాల్లో పనిచేసిన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. వారి వృత్తికి చెందిన మాట ‘మేస్త్రి’నే తీసుకొందాం. చదివితే రెండక్షరాలు. యూనీకోడ్‌లో పొల్లు రెండుసార్లు కలుపుకొని ఎనిమిది సంకేతాలు. హెక్స్‌డ్రా చూపేది ఆ సంకేతాల బొమ్మలనే. త ఒత్తు, ర ఒత్తు అందులో కనబడవు, నిండు త, నిండు ర మాత్రమే కనబడతాయి. మరాఠీలో ఇదే మాట రాస్తే సగం స పంక్తిలోనే పక్కన నిలుస్తుంది. తెలుగులో ఒత్తు పంక్తి దాటి కిందికి దిగుతుంది. చాళ్లలో పెరిగి మరాఠీ బడిలో దేవనాగరి ముందు నేర్చిన పిల్లలకు తెలుగు చదువులో కొత్తగా ఎదురయ్యేది సరిగ్గా ఈ ఒత్తే. హెక్స్‌డ్రా దానినే దాచిపెడుతుంది.

ఈ తప్పు ప్రోగ్రాముదని అనలేము. సంకేతానికొక బొమ్మ అన్నది యూనీఫాంటు నియమం. వేరే ఫాంటు లేనిచోట ఖాళీ గడి కనబడకుండా చేయడమే దాని పని. ఒత్తుల రూపాలను వేరుగా దాచుకొని, సమయానికి అమర్చే పని గౌతమి వంటి ఫాంట్లది. విండోస్‌తో వచ్చిన ఆ గౌతమి రూపకల్పనకు దర్శకత్వం వహించిన ఆర్.కె. జోషి ముంబయిలో పనిచేసినవారే.

కాబట్టి మా షరతు ఇది. హెక్స్‌డ్రా ఇచ్చిన కాగితం పక్కన అదే మాటను చేతిరాతలో పెట్టుకొని చదవండి. సంకేతాల లెక్క మొదటిది చెబుతుంది. అక్షరం ఏమిటో రెండవదే చెబుతుంది.