ఆపాతమధురమా, పాత మధురమా? : స్మృతి గీతాల ఆస్వాదనలో ఒక సమస్య

తెలుగునాట పాత సినిమా పాటలను ‘ఆపాత మధురాలు’ అని వ్యవహరించడం పరిపాటి. సంగీతం ఆపాతమధురమనీ, సాహిత్యం ఆలోచనామృతమనీ చెప్పే ప్రసిద్ధ సంస్కృత శ్లోకంలో ఈ పదానికి గడిచిన కాలంతో సంబంధం లేదు. ‘ఆపాతం’ అంటే వచ్చి పడడం. చెవిన పడిన క్షణంలోనే తీపి కలిగించేది ఆపాతమధురం. తెలుగు శ్రోత ఆ మాటలో ‘పాత’ను విన్నాడు. దానితో మాధుర్యానికి కారణం పాట స్వభావం నుంచి పాట వయస్సుకు మారింది. ఈ అర్థవిపరిణామాన్ని నిఘంటుకారులకు వదలిపెట్టడం సరికాదు. శ్లోకంలో సంగీతానికి జంటగా నిలిచిన ‘ఆలోచన’ వాడుకలో జారిపోవడం విమర్శకులు పట్టించుకోవలసిన విషయం.

గతాన్ని తలపోసే వేదనను స్వెత్లానా బోయమ్ 2001 నాటి తన గ్రంథంలో రెండు విధాలుగా విభజించింది. పోయిన ఇంటిని ఉన్నదున్నట్లు తిరిగి నిలబెట్టాలనుకునేది పునఃస్థాపక స్మృతి. పోయినదానికీ తనకూ నడుమ ఉన్న దూరాన్ని గుర్తెరిగి, ఆ దూరాన్నే తరచి చూసేది ఆలోచనాత్మక స్మృతి. మొదటిది పాత మధురానికీ, రెండవది ఆలోచనామృతానికీ దగ్గరగా ఉన్నాయి. పాత పాటను వినడంలో ఈ రెంటిలో ఏది పనిచేస్తున్నదనేది ప్రస్తుత పరిశీలనాంశం.

జపానులో పాత జనాదరణ గీతాలకు ‘నత్సుమెరో’ అనే పేరుంది. ‘నత్సుకాషీ’ అనే విశేషణాన్నీ, మెలొడీ అనే ఆంగ్ల పదాన్నీ కుదించి కూర్చిన మాట ఇది. ప్రీతితో గతాన్ని తలచుకొనే భావాన్ని నత్సుకాషీ సూచిస్తుంది. 1961లో క్యూ సకమోతో పాడిన ఒక పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. ఎయి రొకుసుకె రచనకు హచిదాయ్ నకమురా స్వరం కూర్చాడు. కన్నీరు జారకుండా ముఖం పైకెత్తి నడిచే ఒంటరి మనిషి ఆ పాటలో కనిపిస్తాడు. 1960లో అమెరికా-జపాన్ భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమం విఫలమైన నిస్పృహ దాని పుట్టుకకు నేపథ్యమని చెబుతారు. పాశ్చాత్య విపణిలో దానికి ‘సుకియాకి’ అనే వంటకం పేరు తగిలించారు. బాణీ సముద్రాలు దాటింది; సందర్భం ఒడ్డుననే ఉండిపోయింది.

తెలుగులో దీనికి సన్నిహితమైన ఉదాహరణ ‘మా భూమి’ చిత్ర గీతాలలో లభిస్తుంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో రూపొంది 1980లో విడుదలైన ఈ చిత్రం తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించింది. యాదగిరి కట్టిన బండ్ల పాటను గద్దర్ పాడగా, పశువుల కాపరి బాలునిపై సుద్దాల హనుమంతు రచించిన పాట కూడా ఇందులో చోటుచేసుకొంది. 1946-51 నడుమ పోరాట భూమిలో పుట్టిన పాటలు మూడు దశాబ్దాల తరువాత సినిమా ద్వారా కొత్త శ్రోతలను చేరుకున్నాయి. నేడు పాటల సంకలనాలలోనూ, వేదికలపైనా అవి ‘నాటి పల్లె పాటలు’గా వినిపిస్తున్నాయి.

హనుమంతు పాట సంబోధనా ప్రధానమైనది. కవి బాలుణ్ణి పలకరిస్తాడు, ప్రశ్నిస్తాడు. బాల్యపు లేతదనమూ జీతగాడి వెట్టీ ఒకే పిలుపులో పక్కపక్కన నిలుస్తాయి. లాలిపాటకు దగ్గరగా నడిచే ఆ పలకరింపు మెత్తదనమే పాటలోని నిరసనకు బలం. ఆ మెత్తదనాన్ని మాత్రమే గ్రహించిన శ్రోతకు పాట పల్లె సౌందర్య చిత్రంగా మిగులుతుంది. పసులు, పొలం, పసివాడు కనిపిస్తారు, జీతం కనిపించదు. పాట ఏ పల్లెను తప్పుపట్టిందో ఆ పల్లె కోసమే శ్రోత బెంగపడడం ఇక్కడి వైపరీత్యం.

ఈ వైపరీత్యం సూర్యాపేట జిల్లా దక్షిణపు అంచున, కృష్ణా తీరంలోని మఠంపల్లి వంటి ప్రాంతంలో మరింత స్పష్టమవుతుంది. పోరాట కాలంలో ఇది నల్లగొండ జిల్లాలో భాగం. తరువాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల వ్యవసాయాన్ని మార్చివేసింది. సున్నపురాయి నేలపై సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పాటలోని భూదృశ్యం బాగా చెరిగిపోయిన చోట ఆ పాటే గతానికి సాక్ష్యమవుతుంది. సాక్ష్యాన్ని తీపి జ్ఞాపకంగా మార్చుకుంటే జీతగాళ్ల సంతతి తమ పూర్వుల కష్టాన్ని తామే మరచిపోవలసి వస్తుంది.

అయితే స్మృతి గీతాలన్నింటినీ ఒకే తూకంతో తూచడం తగదు. ‘గులేబకావళి కథ’ (1962)కు సి. నారాయణరెడ్డి రచించిన ప్రణయ గీతం ఏ తరం శ్రోతకైనా కొత్తగా అందుతుంది. ఆ పాట పిలిచే ప్రేయసీ ప్రియులకు ఊరు, కాలం అడ్డురావు. అక్కడ పాతదనం పాట అర్థాన్ని హరించదు. చరిత్రలో నిర్దిష్టమైన శ్రోతను ఉద్దేశించిన పాటకే సందర్భ నష్టం అర్థ నష్టమవుతుంది. స్మృతి గీతాల వర్గీకరణకు దశాబ్దం కంటే ఈ సంబోధనా భేదం మెరుగైన ప్రాతిపదిక.

బాణీ మాధుర్యమే లేకపోతే ఈ పాటలు మిగిలేవే కావన్న వాదాన్నీ తోసిపుచ్చలేము. సినిమా, రేడియో, క్యాసెట్టు భద్రపరచకపోతే పోరాట గీతాలలో ఎన్నో వృద్ధుల గొంతులతోనే ఆరిపోయేవి. 1979లో మికి మత్సుబరా పాడిన నగర గీతం 2020లో అంతర్జాలం ద్వారా జపాను ఎరుగని యువతను ఆకర్షించడం కూడా బాణీ శక్తికి నిదర్శనమే. తాము చూడని నగరంపై వారికి కలిగిన బెంగ అబద్ధమని కొట్టివేయనక్కరలేదు. పాటలోకి అది తొలి ద్వారం. లోపలికి అడుగుపెట్టారా, గుమ్మం దగ్గరే ఆగిపోయారా అన్నదే ప్రశ్న.

కనుక పాత పాటపై విమర్శ చేయవలసిన పని మాధుర్యాన్ని నిరాకరించడం కాదు, దానికి ఆలోచనను తిరిగి జతచేయడం. పాట ఎవరిని పిలిచింది, ఎందుకు పిలిచింది, ఆ పిలుపును నేడు ఎవరు అందుకుంటున్నారు అన్న మూడు ప్రశ్నలను తెలుగు గేయ విమర్శ ప్రతి స్మృతి గీతానికీ వేయవలసి ఉంది. హనుమంతు పలకరించిన బాలుడు ఆ పాటకు అలంకారం కాదు, దానికి కారణం. ఆ బాలుణ్ణి మరచి బాణీని నిలుపుకోవడం పాటను సగమే భద్రపరచడమవుతుంది.