చెక్కలో చెక్కిన లెక్కలు

ఓడలకు రూపం ఇచ్చేవాడి కాగితాలు అనగానే గోడంత నక్షాలు గుర్తొస్తాయి. పందెపు పడవల రూపశిల్పి నాథనియల్ హెరిషాఫ్ (1848–1938) విడిచివెళ్లిన వాటిలో అసలు సొత్తు జేబులో పట్టే చిన్న పుస్తకాలు. వాటి నిండా అంకెలే. అడుగులు, అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతులు. పడవ మొత్తం ఆ వరుసల్లో ఉంటుంది.

ఆయన ఊరు అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఉన్న బ్రిస్టల్. ఎంఐటీలో చదివి, ప్రావిడెన్స్‌లో కార్లిస్ ఆవిరి యంత్రాల కంపెనీలో పనిచేసి, 1878లో అన్న జాన్‌తో కలిసి పడవల కార్ఖానా పెట్టాడు. ఇంత చదివిన ఇంజినీరు కూడా పడవ ఒంపును ముందు కాగితం మీద గీసేవాడు కాదు. పైన్ చెక్క తీసుకుని, ఉలితో చెక్కి, చిత్రిక పట్టి, నిలువునా కోసిన దోసకాయ బద్దలా పడవలో ఒక సగం తయారుచేసేవాడు. రెండు పక్కలూ ఒకటే కనుక సగం చాలు. ఒంపు మీద వెలుగు ఎక్కడా తడబడకుండా జారేదాకా అరగదీసేవాడు. తర్వాత తానే చేసుకున్న కొలత పరికరంలో ఆ చెక్కను బిగించి, పడవకు రాబోయే ఒక్కొక్క పక్కటెముక దగ్గర కొలతలు తీసి పుస్తకంలో రాసేవాడు. ఆ అంకెలతో వడ్రంగులు ప్రతి పక్కటెముకకూ ఒక అచ్చు కోసి, అచ్చులను బోర్లా నిలబెట్టి, ఆవిరి పట్టిన కొయ్యను వాటి మీద వంచేవారు. చేతి ఒంపు కార్ఖానా దాకా చెడకుండా చేరేది.

అన్న జాన్ కుర్రతనంలోనే చూపు కోల్పోయాడు. వ్యాపారమంతా ఆయనే నడిపాడు. తమ్ముడు చెక్కిన నమూనాను వేళ్లతో తడిమి మంచిచెడ్డలు చెప్పేవాడు. ఆ ఒంపుల నునుపుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష నాకు తోచదు.

1893 నుంచి 1920 దాకా తెరచాప పడవల పందెపు ట్రోఫీ అయిన అమెరికా కప్పును ఆరుసార్లు నిలబెట్టిన అయిదు పడవలూ నాథనియల్‌వే. మనం టీ పొట్లాల మీద పేరు చూసే థామస్ లిప్టన్ ఆ పందేల్లో నాలుగుసార్లు పోటీకి వచ్చి, నాలుగుసార్లూ ఓడిపోయాడు. ఆ అయిదింటిలో ఒకటైన 1903 నాటి రిలయన్స్ పొడవు సుమారు 144 అడుగులు. నిబంధన కొలిచేది నీటిగీత పొడవును, అంటే పడవ నిటారుగా తేలేటప్పుడు నీటి మట్టం దగ్గర ఉండే పొడవును, అది 90 అడుగులు దాటకూడదు. అందుకే ముందూ వెనకా మిగతా పొడవును నీటి పైన చాచి ఉంచాడు. గాలికి పడవ ఒరిగితే ఆ భాగమూ నీటిని తాకుతుంది, తేలే పొడవు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. తెరచాపల విస్తీర్ణం 16,000 చదరపు అడుగుల పైమాట. మోకులు లాగే యంత్రాలను డెక్కు కిందికి దించాడు. చుక్కానిని బోలుగా చేసి, అవసరాన్ని బట్టి అందులో నీరు నింపే ఏర్పాటు పెట్టాడు. పదేళ్లకే ఆ ఓడను విడగొట్టి తుక్కు చేశారు.

నాకు మాత్రం రిలయన్స్ కంటే 1914లో పుట్టిన ‘పన్నెండున్నర’ గొప్పది. నీటిగీత పొడవు పన్నెండున్నర అడుగులు కావడంతో ఆ పేరు. బజర్డ్స్ బే అనే అఖాతపు ఎగుడుదిగుడు అలల్లో పిల్లలు నావ నడపడం నేర్చుకోవాలని చేసిన పడవ. రాక్షసి లాంటి పందెపు ఓడ మీద పెట్టిన శ్రద్ధే దీని మీదా కనిపిస్తుంది. ఒక మంచి నమూనా దొరికితే స్కేలు మార్చి, పక్కటెముకల మధ్య ఎడం మార్చి, అదే చెక్క నుంచి ఇంకో పడవను తీయడం ఆయనకు తెలుసు. 1912లో తన కోసం కట్టుకున్న అలీరియన్ అనే పడవ వెనక ఉన్న ఆలోచన తర్వాతి పడవల్లోకి అలాగే పాకింది. అలీరియన్ ఇప్పుడు మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో ఉంది.

కార్ఖానా నక్షాలు వేల సంఖ్యలో ఎంఐటీ మ్యూజియంలోనూ, చెక్కిన నమూనాలు బ్రిస్టల్‌లోని హెరిషాఫ్ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి. బోస్టన్ చుట్టుపక్కల ఉన్న మన ఇంజినీర్లు ఒక శనివారం పిల్లలతో బ్రిస్టల్ వెళ్లి, ఆ మ్యూజియం గోడల మీది సగం పడవలను దగ్గరగా నిలబడి చూడండి.